నాలుగు లీటర్ల గాలి

పెద్ద ఇంజను పికప్ బండి లీటరు డీజిలుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందని ఎవరైనా అడిగితే, ఒకప్పుడు నేను తడుముకోకుండా పదమూడు అనేదాన్ని. బండితోపాటు వచ్చిన పుస్తకంలో అలా ఉంది మరి. బడి ముఖం చూడని నాలాంటి వాళ్లకు అచ్చయిన అంకె మీద ఒక రకమైన భక్తి ఉంటుంది. చదువుకున్న వాళ్లు దాన్ని అనుమానించగలరు. మాకు అంత ధైర్యం చాలదు.

ఇప్పుడు ఎవరైనా అడిగితే జవాబు చెప్పను. తిరిగి నాలుగు ప్రశ్నలు వేస్తాను. ఏ దారి? ఎంత బరువు? ఇంజను ఆపకుండా ఎంతసేపు నిలబెట్టారు? ట్యాంకు ఎట్లా నింపారు? మొదటి మూడూ డ్రైవర్లు నాకు మాటల్లో నేర్పారు. నాలుగోది నేను నేర్చుకునేసరికి ఒక మనిషి పేరు పోయింది. మీలో ఎవరైనా రేపు ఏదో ఒక బండ్ల షెడ్డులో లాగ్‌బుక్కు ముందు కూర్చుంటారేమో, వాళ్ల కోసం రాస్తున్నాను. ఇది చదివి మీరు నన్ను మెచ్చుకునేది ఏమీ ఉండదు.

మాది పడమటి కర్నూలులో మగ్గాల ఇల్లు. అక్షరాలూ ఎక్కాలూ మా నాన్న మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చునే నేర్పాడు. పడుగు పోగులు లెక్కపెడుతూ కూడికలు, చీర పొడవులో పువ్వుకూ పువ్వుకూ మధ్య ఎంత ఎడం వదలాలో తేల్చుకుంటూ భాగహారాలు. శేషం మిగిలితే చివరి పువ్వు సగంలో తెగిపోతుంది. మిగలకపోతే చీర కుదురుగా ముగుస్తుంది. అలాంటి లెక్క కుదిరినప్పుడు మా నాన్న పేక పోగు నడిపే నాడె కింద పెట్టి, గోడ మీది మల్లన్న పటం వైపు చూసి దండం పెట్టేవాడు. శేషం లేని లెక్కలో దేవుడు ఉంటాడని నమ్ముతూ నేను పెరిగింది అట్లా.

మగ్గం ఆగిపోయి, మా ఆయన కూడా పోయాక, నలభై దాటిన వయసులో కడప దగ్గర ఒక బండ్ల కంపెనీలో పనికి కుదిరాను. కొండల మీద గాలిమరలను చూసుకునే సంస్థ ఒకటి ఉండేది. వాళ్లకు మా కంపెనీ పికప్ బండ్లను, డ్రైవర్లతో సహా అద్దెకిచ్చేది, డీజిలు ఖర్చు వాళ్లదే. నా పని ఆఫీసు ఊడవడం, కుండలో నీళ్లు నింపడం. ఒకరోజు మేనేజరు సారు కాలిక్యులేటరు కోసం సొరుగులన్నీ వెతుకుతూ ఏదో భాగహారం పైకి గొణుక్కుంటుంటే, చీపురు పట్టుకునే జవాబు చెప్పేశాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి ఇంకో రెండు లెక్కలు అడిగాడు. మర్నాటి నుంచి లాగ్‌బుక్కుల కుర్చీలో కూర్చోమన్నాడు. సర్టిఫికెట్టు అడగలేదు, ఏ బడి అని అడగలేదు. ఆనాటి నుంచి పొద్దున దీపం పెట్టి నాకు మేలు చేసిన వాళ్లను తలుచుకునే వరుసలో, మల్లన్న తరువాత మా నాన్న, మా నాన్న తరువాత ఆ సారు.

మేలు మరిచిపోకుండా ఉండడం మంచి గుణమనే మీకు కూడా నేర్పి ఉంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

ప్రతి బండికీ ఒక పుస్తకం. పోయేటప్పటి మీటరు, వచ్చినప్పటి మీటరు, పోసిన డీజిలు. నెలాఖరులో భాగించి లీటరుకు ఎంత వచ్చిందో ఎర్ర సిరాతో రాయాలి. గాలిమరల సంస్థతో కుదిరిన కాగితంలో లీటరుకు పన్నెండు రావాలని రాసి ఉంది. బండితో వచ్చిన పుస్తకంలో పదమూడు కదా, ఒకటి తగ్గించి రాసుకున్నారు. అదే పెద్ద ఉదారం అనుకున్నట్టున్నారు.

మొత్తం ఆరు బండ్లు. ఐదు కింద తారురోడ్ల మీద తిరిగేవి. పదకొండున్నర, పన్నెండు ఇచ్చేవి. ఆరోది కొండ డ్యూటీ బండి. ఏ నెల చూసినా తొమ్మిదికి అటూ ఇటూ.

దాని డ్రైవరుది కూడా మా పడమటి పల్లెలే. నాకన్నా పదేళ్లు చిన్న. బండి దిగగానే మెడలోని తువ్వాలుతో స్టీరింగు తుడిచి గాని ఆఫీసు గుమ్మం ఎక్కేవాడు కాదు. నన్ను అక్కా అనేవాడు. ఆ షెడ్డులో మా వైపు యాస మాట్లాడేది మేమిద్దరమే కావడంతో, ఆయనతో ఉన్నప్పుడు నా మాట కూడా ఊరి దారి పట్టేది.

"ఏమప్పా, అందరికీ పన్నెండు వస్తాంటే నీకేమి తొమ్మిది? నీ ట్యాంకుకు ఓటేమన్నా ఉండాదా?" అని అడిగాను ఒకసారి.

"ఒక్కసారి కొండెక్కి చూడక్కా. బండే రెండు టన్నులు. ఎనక గేరాయిలు పీపాలు రెండు, పానాల పెట్టెలు, మనుషులు. నాలుగు చక్రాలూ గుంజితే గానీ కదల్దు. పైకి పోయినాక ఇంజినీర్లు బండ్లో కూసోని ఏసీ ఆపద్దంటారు. మీటరు తిరగదు, డీజిలు మాత్రం పోతాంటాది. నడిచినా తాగుతాది, నిలబడినా తాగుతాది. మా పెదమామ మాదిరి."

"మీ పెదమామ లీటరుకు ఎంతిస్తాడప్పా?"

"ఆయప్ప రెండడుగులు గూడా ఇయ్యడక్కా. ఆడ్నే పండుకుంటాడు."

గాలితో కరెంటు తీసే చోటికి చేరడానికి ఇంత డీజిలు కాల్చాలా అని ఇద్దరమూ నవ్వుకున్నాం. నవ్వుతూనే ఎర్ర సిరాతో ఎనిమిది ముప్పావు అని రాశాను.

అట్లా కొన్ని నెలలు రాశాక, సంస్థ వాళ్ల నుంచి మా సారుకు ఉత్తరం వచ్చింది. ఆరో బండిలో డీజిలు ఎక్కడికి పోతోందో తేల్చండి, తేల్చకపోతే వచ్చే ఏడాదికి వేరే వాళ్ల బండ్లు చూసుకుంటాం అని. ఆ ఉత్తరంలో దొంగతనం అనే మాట లేదు. షెడ్డులోకి వచ్చేసరికి ఆ మాట దానంతట అదే వచ్చి చేరింది. రెండు రోజులకే పక్క బండ్ల వాళ్లు ఆ డ్రైవరు ముందే "ఏమన్నా, ఈ పొద్దు ఎన్ని లీటర్లు దించినావు?" అని నవ్వడం మొదలుపెట్టారు.

బయటి వాళ్లకు అది తమాషాగా కనిపిస్తుంది. మా పనిలో కాదు. డీజిలు దొంగ అని పేరు పడిన డ్రైవరుకు కడప నుంచి కర్నూలు దాకా ఏ షెడ్డులోనూ మళ్లీ తాళం చేతికివ్వరు. షెడ్డు వాళ్లందరూ ఒకరికొకరు తెలిసిన వాళ్లే. ఒక్క ఫోను చాలు. ఇరవై ఏళ్లుగా బండి తప్ప మరో పని చేయని మనిషికి ఆ పేరు పడటమంటే చేతులు తీసేసినట్టే.

అందుకే ఆయనే వచ్చి సారు ముందు నిలబడ్డాడు.

"సార్, పరీచ్చ పెట్టండి. అదే బండి, అదే దారి, అదే బరువు. నేను పక్కన గూడా కూసోను. మన షెడ్డు సూపరవైజరన్న తోలనీ, అక్క పక్కన కూసోనీ. అక్క రాసిందే నాకు సమ్మతం. తొమ్మిదొస్తే ఇంగ నన్నెవరూ ఆ మాట అనగూడదు. పన్నెండొస్తే తాళం ఈ టేబులు మీద పెట్టి పోతా."

సారు నా వైపు చూశాడు. "అమ్మ లెక్క అంటే లెక్కే. నాకూ సమ్మతమే" అన్నాడు. ఇద్దరు మనుషులు ఒకేసారి నన్ను అంత నమ్మడం నా బతుకులో అదే మొదటిసారి. ఆ సాయంత్రం దీపం ముందు ఎక్కువసేపు కూర్చున్నాను.

పరీక్షకు సోమవారం కుదిరింది. సోమవారాలు నేను మల్లన్నకు ఒక్కపొద్దు ఉంటాను. చీకటి పడ్డాకే భోజనం. మానుదామా అనుకున్నాను గానీ, ఇంత పెద్ద పని ఉన్న రోజే ఒక్కపొద్దు పడటం మంచిదే అనిపించింది.

పొద్దున ఏడింటికి హైవే మీది బంకులో ట్యాంకు నింపించాం. పద్ధతి సులువు. ముందు నిండా పోయాలి, దారి తిరిగి రావాలి, అదే బంకులో మళ్లీ నిండా పోయాలి. రెండోసారి పట్టిందే బండి తాగిన డీజిలు. కిలోమీటర్లను దాంతో భాగిస్తే సరి.

పైపు టక్కుమని ఆగింది. బంకాయన మూత అందుకోబోతే మా డ్రైవరు అడ్డుపడ్డాడు.

"ఉండన్నా. నిండలేదు."

"ఆగింది గదప్పా."

"ఆగితే నిండినట్టు గాదు. పైన గాలి ఉంటాది." నా వైపు తిరిగి చెప్పాడు. "చూడక్కా, పెద్ద ట్యాంకు గదా. నురగ పైకొచ్చి తగలంగానే పైపు ఆగిపోతాది. బండిని ఊపితే గాలి బుడబుడమని బయటికొస్తాది. మల్ల పోయొచ్చు."

వెనక బంపరు మీద ఒక కాలు పెట్టి, తొట్టికి భుజం ఆనించి ఊపడం మొదలుపెట్టాడు. రెండు టన్నుల బండి పడవలా ఊగింది. నురగ దిగింది. కొంచెం పోశారు. మళ్లీ ఊపాడు, మళ్లీ పోశారు.

"ఏమప్పా, బండికి జోలపాట గూడా పాడతావా?" అన్నాడు బంకాయన.

"నవ్వుకో లేన్నా. ఈ పొద్దు ఒక చుక్క తక్కువున్నా నా పేరు పోతాది."

ట్యాంకు మూతి అంచున డీజిలు మిలమిలా కనబడేదాకా ఆయన వదల్లేదు. చొక్కా భుజం దగ్గర తడిసి, దుమ్ముతో బురదైంది. టక్కుమన్న తరువాత ఇంకో నాలుగు లీటర్లు పట్టింది. కళ్లారా చూశాను. రాసుకోలేదు. మొదటి పోత లెక్కలోకి రాదు కదా.

తాళం సూపరవైజరుకు ఇచ్చి, "నిదానంగా తోలన్నా, నేను తోలినట్టే తోలు" అన్నాడు. నాకు మంచినీళ్ల సీసా అందించాడు. ఒక్కపొద్దని గుర్తొచ్చి, "నీళ్లు తాగొచ్చు గదా అక్కా?" అని అడిగాడు.

దారి గురించి ఎక్కువ చెప్పను. ఒక్క మాట చాలు, ఆయన చెప్పినదంతా నిజం. కొండ మలుపుల్లో ఇంజను మూలిగింది. ఎర్రమట్టి దారిలో బండి పాకినట్టు పోయింది. పైన గాలి ఎంత విసురుగా ఉందంటే తలుపు తెరవడానికి రెండు చేతులూ కావాల్సి వచ్చింది. ఇంజినీర్లు ఇద్దరు వచ్చి బండ్లో కూర్చుని, ఏసీ పెట్టించుకుని, గంటసేపు కాగితాలు చూసుకున్నారు. ఇంజను ఆగలేదు, మీటరు కదల్లేదు. ఇంత తాగే బండికి తొమ్మిది రావడమే గొప్ప అని నాకు నేనే అనుకున్నాను. ఆ మాట అనుకున్నదాన్ని సాయంత్రానికి ఎట్లా మరిచిపోయానో ఇప్పటికీ తెలియదు.

తిరిగి బంకు చేరేసరికి మూడు దాటింది. మీటరు చూశాను. తిరిగింది సరిగ్గా నూట పదిహేడు కిలోమీటర్లు. ఎండ నెత్తిన కూర్చుంది. నా కళ్ల ముందు మసకమసకగా ఉంది. మా వెనక నాలుగు లారీలు ఆగి హారన్లు కొడుతున్నాయి. సూపరవైజరు అన్నం తినలేదని విసుక్కుంటున్నాడు. పొద్దుటి బంకాయన డ్యూటీ దిగిపోయాడు. ఆ చోట ఇంకొకాయన ఉన్నాడు.

పైపు టక్కుమంది. బంకు మీటరు మీద తొమ్మిది లీటర్లు. చిల్లర లేదు.

నూట పదిహేడును తొమ్మిదితో భాగించాను. పదమూడు. శేషం సున్నా.

ఎట్లా చెప్పను మీకు? ఒళ్లు జలదరించింది. పుస్తకంలో పదమూడు, ఇక్కడ పదమూడు. పువ్వు తెగకుండా చీర ముగిసినట్టు ముగిసింది. మా నాన్న అయితే నాడె కింద పెట్టేవాడు. నా చేతులు వాటంతట అవే కలిశాయి. ఆ పదమూడు ఒక మనిషిని దొంగను చేస్తుందనే ఆలోచన ఆ తరువాత గాని రాలేదు. ముందు వచ్చింది ఆనందం. అది నేను దాచుకోలేని సిగ్గు.

"చాలా అమ్మా? ఇంగా పొయ్యల్లా?" అని అడిగాడు బంకాయన.

"చాలు" అన్నాను.

నా బతుకంతా నేర్చుకున్న మాట అది. ఇంత కూడు చాలు, ఇంత గూడు చాలు, దేవుడిచ్చింది చాలు. ఆ మాట అన్నప్పుడల్లా మంచిదాన్ని అనుకునేదాన్ని.

ఆఫీసులో సారు కుర్చీలో ఉన్నాడు. సూపరవైజరు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. డ్రైవరు పొద్దుటి చొక్కాతోనే, భుజం మీద ఆ బురద మరకతోనే, టేబులుకు ఇవతల ఉన్నాడు. నేను కాగితం సారు ముందు పెట్టాను.

"పదమూడు" అని చదివాడు సారు.

డ్రైవరు ముఖంలో ముందు కోపం కాదు, తికమక కనిపించింది. ఇంటికి పోతే తలుపు ఉండాల్సిన చోట గోడ ఉన్నట్టు చూశాడు. కాసేపటికి నా వైపు తిరిగాడు.

"అక్కా, సాయంత్రం పోసేటప్పుడు బండి ఊపినారా?"

నాకు అప్పుడే గుర్తొచ్చింది. ఎన్నో రోజుల తరువాత, ఏదో పని చేసుకుంటుంటే తట్టిందని రాసుకుంటే నాకు తేలిక. కానీ అది నిజం కాదు. ఆయన అడిగిన క్షణంలోనే గుర్తొచ్చింది. నురగ, బుడబుడ శబ్దం, భుజం, ఆ నాలుగు లీటర్లు. తొమ్మిదికి నాలుగు కలిపితే పదమూడు. నూట పదిహేడును పదమూడుతో భాగిస్తే తొమ్మిది. ఇక్కడా శేషం సున్నా. రెండు లెక్కలూ నా తలలో ఒకేసారి, పక్కపక్కన నిలబడ్డాయి. ఆయన చెప్పిన తొమ్మిది, పుస్తకంలోని పదమూడు.

నేను సారు వైపు చూశాను. అమ్మ లెక్క అంటే లెక్కే అన్న మనిషి. సర్టిఫికెట్టు అడగని మనిషి. ఇప్పుడు నోరు తెరిస్తే, చదువురాని దాన్ని కుర్చీ ఎక్కించినందుకు ఇంతే అని ఆయన ముఖం మీదే నలుగురూ అంటారు. ఆయన నాకు చేసిన మేలుకు నేను అట్లా బదులివ్వాలా అనిపించింది. ఇదంతా ఒక్క గుటక మింగేంత సేపట్లో.

"నిండుగానే పోసినాం" అన్నాను.

సూపరవైజరు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఆయన ఊపలేదని చెప్పలేదు, ఊపామనీ చెప్పలేదు.

డ్రైవరు సూపరవైజరు చేతిలోంచి తాళం తీసుకున్నాడు. మాట ఇచ్చినట్టే తాళం టేబులు మీద పెట్టాడు. షెడ్డులోకి పోయి బండి తలుపు తీసి, తన నీళ్ల సీసా, భార్య కుట్టిచ్చిన సీటు గుడ్డ తీసుకున్నాడు. మెడలోని తువ్వాలు తీసి స్టీరింగు చుట్టూ ఒకసారి తుడిచాడు. పక్క బండ్ల వాళ్లు ఆ పొద్దు ఎగతాళి చేయలేదు. ఆయన గేటు దాటి పోయాడు.

మూడు వారాలకు కొత్త డ్రైవరు లెక్క నా ముందుకు వచ్చింది. ఉత్తరం వచ్చాక ఆ బండికి మాత్రం వారం వారం లెక్క తీయమన్నారు. అదే బండి, అదే కొండ. ఎనిమిది తొంభై. తరువాతి వారం ఎనిమిది డెబ్భై.

అప్పుడు పోయాను సారు దగ్గరికి. తలుపు దగ్గరగా వేసి, నిలబడే చెప్పాను. "సార్, ఆ రోజు సాయంత్రం బండి ఊపలేదు. నాలుగు లీటర్లు తక్కువ పోశాం. ఆ బండికి తొమ్మిదే వస్తుంది. ఆయన చెప్పిందే నిజం."

సారు చదువుతున్న కాగితం కింద పెట్టాడు. "నాకు తెలుసమ్మా" అన్నాడు.

"ఎప్పటి నుంచి సార్?"

"కొత్తోని మొదటి వారం చూసినప్పటి నుంచి."

"మరి ఆయన్ను పిలిపిద్దాం సార్."

"పిలిపిచ్చి ఏం చెప్పల్ల? దొంగను పట్టుకున్నామని వాళ్లకు రాసి పంపినాం. ఒప్పందం నిలబడింది. ఇప్పుడు దొంగ లేడు, లెక్కే తప్పు అంటే, ఆ లెక్క ఎవరేసినారంటారు. యాడ చదివిందంటారు. నిన్ను కాపాడుతాండానమ్మా నేను. అర్థం చేసుకో."

అప్పుడు నేను అన్న మాట మీకు చెప్పి తీరాలి. అలవాటు కొద్దీ, ఆలోచించకుండా, రెండు చేతులూ జోడించి "మీ దయ సార్" అన్నాను.

మరుసటి నెల నుంచి కొండ డ్యూటీ బండికి లీటరుకు తొమ్మిది చాలని కొత్త కాగితం వచ్చింది. సంస్థ వాళ్లూ ఒప్పుకున్నారు. అంత పెద్ద ఇంజనుకు కొండ మీద అంతకన్నా రాదని వాళ్ల ఇంజినీర్లే చెప్పారట. పాత పన్నెండును కొట్టేసి తొమ్మిది రాసింది నేనే, ఎర్ర సిరాతోనే. బండికి న్యాయం జరిగింది.

ఆ కుర్చీలోనే ఇంకో నాలుగేళ్లు కూర్చున్నాను. వదిలేసి రావచ్చు కదా అని మీరు అడగొచ్చు. నన్ను నేనూ అడిగాను. ప్రతి నెలా అడిగి, ప్రతి నెలా రాసుకుంటూ పోయాను. పొద్దున దీపం దగ్గర వరుస మాత్రం కుదరడం మానేసింది. సారు పేరు దగ్గరికి వచ్చేసరికి నోరు ఆగేది. మేలు చేసిన వాళ్ల పేర్ల మధ్య నేను చేసిన కీడు వచ్చి కూర్చునేది. దేవుడు క్షమిస్తాడు, ఆ విషయం నేను నమ్ముతాను. కానీ ఆ డ్రైవరును దొంగ అన్నది దేవుడు కాదు. షెడ్లలో, టీ అంగళ్లలో, ఫోన్లలో అన్నారు. అక్కడ నా ప్రార్థన వినే వాళ్లు ఎవరూ లేరు.

ఒకసారి బస్సులో పోతూ ఆయన్ను చూశాను. నాపరాళ్లు పాలిష్ చేసే ఫ్యాక్టరీ ముందు, మనుషులతో కలిసి ట్రాక్టరుకు బండలు ఎత్తుతున్నాడు. ఏ షెడ్డులోనూ తాళం ఇవ్వలేదని నేను విన్నది నిజమే. నేను కొంగు ముఖం మీదికి లాక్కున్నాను. బస్సు ఆపమని అనలేదు.

పని మానేసిన రోజున ఆఫీసులో శాలువా కప్పారు, ఇత్తడి దీపపు కుందె ఇచ్చారు. అమ్మ లెక్క అంటే లెక్కే అని సారు నలుగురి ముందూ మళ్లీ అన్నాడు. ఆ కుందె ఇంకా గుడ్డలో చుట్టే ఉంది. దాంట్లో వత్తి వేయలేకపోయాను.

ఆ వారంలోనే ఫ్యాక్టరీకి పోయాను. రాళ్లు కోసే యంత్రాల హోరులో మాట వినబడదని ఆయన నన్ను బయటికి, గోడ నీడకు తీసుకొచ్చాడు. కనురెప్పల మీద కూడా బూడిదరంగు పొడి. దగ్గుతున్నాడు. గ్లాసు రెండుసార్లు కడిగి నీళ్లిచ్చాడు.

"బాగుండావా అక్కా? సోమారం గదా ఈ పొద్దు. ఒక్కపొద్దేనా?"

అంతా చెప్పాను. ఊపలేదని, అడిగినప్పుడే గుర్తొచ్చిందని, గుర్తొచ్చి కూడా నిండుగా పోశామన్నానని. సారు మాట కూడా చెప్పాను. ఏడవకూడదని ముందే అనుకుని వెళ్లాను కనుక ఏడవలేదు.

ఆయన నేల మీద ఉన్న రాతి ముక్కను చేతిలోకి తీసుకుని అంచు తడుముతూ కూర్చున్నాడు.

"నాకు ఆ పొద్దే తెలిసె అక్కా. నువ్వు జవాబు చెప్పేటప్పుడు నా తట్టు చూడలేదు."

"అప్పుడే ఎందుకు చెప్పలేదప్పా?"

"నువ్వు రాసిందే సమ్మతమని నేనే అంటి గదా. మల్ల ఏం చెప్పల్ల?" నవ్వాడు. ఆ నవ్వు చూడకుండా ఉంటే బాగుండేది. "రెండుసార్లూ టక్కుమన్న కాడ నిలిపింటే సరిపోయిండేది. పొద్దున నేను ఊపకపోయిండినా తొమ్మిదే వచ్చిండేది. నా భుజంతో నేనే నాలుగు లీటర్లు ఎక్కువ పోసుకున్నా. శానా బాగా ఊపినా ఆ పొద్దు."

నేను సంచిలోంచి తెల్లకాగితం, పెన్ను తీశాను. అందుకే తెచ్చుకున్నాను. జరిగింది రాసి, కింద సంతకం పెట్టి ఇస్తాను, ఏ షెడ్డులోనైనా చూపించు అన్నాను. నా సంతకానికి ముద్ర లేదు, హోదా లేదు. అయినా లెక్క వేసింది నేనే కదా, వాళ్లు చదివితే నమ్ముతారేమో అన్నాను.

ఆయన కాగితం వైపు చూశాడు గానీ చేయి చాపలేదు.

"దాంట్లో నా పేరు రాయల్ల గదా అక్కా."

"రాయాల కదప్పా. ఫలానా మనిషి డీజిలు దొంగ కాదు అని."

"వద్దులే. కాదు అని రాసినా, నా పేరు పక్కన ఆ మాట ఉంటాది గదా. ఈడ నాతో రాళ్లు మోసేటోళ్లకు ఆ సంగతే తెలీదు. కాయితం ఉంటే ఎవురో ఒకరు చదువుతారు." రాతి ముక్కను గోడ పక్కన పెట్టి లేచాడు. "ఇప్పుడు నాకు ఏ పేరూ లేదు. అట్లే ఉండనీ."

లోపల నుంచి ఎవరో కేక వేశారు. కోతకు కొత్త బండ ఎక్కించాలట. పోతూ పోతూ వెనక్కి తిరిగి, బస్సు ఆగేది అవతలి వైపని, రోడ్డు దాటేటప్పుడు లారీలు చూసుకుని దాటమని చెప్పాడు.

తెల్లకాగితం తెల్లగానే ఇంటికి తెచ్చుకున్నాను. ఇన్నాళ్లకు దాని మీదే ఇది రాయడం మొదలుపెట్టాను. సారు పేరు, బంకు పేరు, కంపెనీ పేరు ఎందుకు లేవని మీలో ఎవరైనా అడగొచ్చు. వాళ్ల పేర్లు రాయడానికి నాకేమీ అడ్డం లేదు. కానీ వాళ్ల పేర్లు రాస్తే ఆ షెడ్డు ఏదో తెలుస్తుంది, షెడ్డు తెలిస్తే ఆరో బండి ఎవరు తోలారో తెలుస్తుంది. ఆయన నన్ను జీవితంలో తన కోసం రెండే అడిగాడు. మొదటిది, సాయంత్రం బండి ఊపినారా అని. దానికి అబద్ధం చెప్పాను. రెండోది, తన పేరు రాయవద్దని.

రాయలేదు.